పిల్లుల పొడి ఆహారం

పిల్లుల పొడి ఆహారం అనగా మాంసం, చేప, ధాన్యం, కొవ్వు, విటమిన్లు, ఖనిజ లవణాలు కలిపి, ఉడికించి, చిన్న పలుకులుగా చేసి ఆరబెట్టిన తయారీ ఆహారం. ఈ పలుకులను ఆంగ్ల పదమైన కిబుల్ అనే పేరుతోనే పిలుస్తారు. వీటిలో తేమ సాధారణంగా 6 నుండి 10 శాతం వరకు మాత్రమే ఉంటుంది. డబ్బాలలోను, చిన్న సంచులలోను దొరికే తడి ఆహారంలో తేమ 75 శాతానికి పైగా ఉంటుంది. పొడి ఆహారంలో ఖరీదైన రకాలను ప్రీమియం, సూపర్ ప్రీమియం అనే పేర్లతో అమ్ముతారు. ఈ పేర్లకు చట్టపరమైన నిర్వచనం ఏదీ లేదు. అందువలన రెండు ఆహారాలను పోల్చవలసి వచ్చినపుడు సంచిపై ముద్రించిన ముడి పదార్థాల జాబితా, పోషకాల శాతాలు, పోషక ప్రమాణ ప్రకటన అనే మూడింటిని ఆధారం చేసుకోవాలి.

పిల్లి పోషక అవసరాలు

పిల్లి తప్పనిసరి మాంసాహారి. కుక్క, మనిషి వంటి సర్వభక్షక జీవులు శాకాహారం నుండి తయారు చేసుకోగలిగిన కొన్ని పోషకాలను పిల్లి శరీరం తయారు చేసుకోలేదు. అవి ఆహారం ద్వారానే అందాలి. వాటిలో ముఖ్యమైనవి:

* టారిన్: ఇది మాంసం, చేపలలో ఉండే ఒక ఆమైనో ఆమ్లం. ధాన్యాలలో దాదాపు ఉండదు. పిల్లి శరీరంలో దీని ఉత్పత్తి చాలా తక్కువ. పైగా పిత్తరసం తయారీలో పిల్లి టారిన్‌ను నిత్యం ఖర్చు చేస్తుంది. టారిన్ లోపం వలన పిల్లులలో కంటి రెటీనా క్షీణించి చూపు పోతుందని 1975లో కె.సి. హేస్, ఆయన సహచరులు తెలియజేశారు. ఇదే లోపం వలన గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ విభాగానికి చెందిన పాల్ పియోన్ బృందం నిరూపించింది. ఆ తరువాత తయారీదారులు ఆహారంలో టారిన్ మోతాదు పెంచడంతో ఈ గుండె జబ్బు బాగా తగ్గిపోయింది.
* ఆర్జినిన్: ఈ ఆమైనో ఆమ్లం లేని ఆహారం ఒక్కపూట తిన్నా పిల్లి రక్తంలో అమ్మోనియా పెరిగి కొన్ని గంటలలోనే అస్వస్థత కలుగుతుంది.
* విటమిన్ ఎ: క్యారెట్టు వంటి వాటిలోని బీటా కెరోటిన్‌ను పిల్లి విటమిన్ ఎగా మార్చుకోలేదు. జంతు పదార్థాల నుండి గాని, ఆహారంలో కలిపిన విటమిన్ నుండి గాని ఇది నేరుగా అందాలి.
* అరాకిడోనిక్ ఆమ్లం: ఇది జంతువుల కొవ్వులో ఉండే కొవ్వు ఆమ్లం. వంట నూనెల నుండి పిల్లి దీనిని తగినంతగా తయారు చేసుకోలేదు.
* నియాసిన్: ట్రిప్టోఫాన్ అనే ఆమైనో ఆమ్లం నుండి దీనిని తయారు చేసుకొనే శక్తి పిల్లికి స్వల్పం.

పిల్లి కాలేయం మాంసకృత్తులను శక్తి కొరకు ఎల్లవేళలా వాడుతూనే ఉంటుంది. ఆహారంలో మాంసకృత్తులు తగ్గినపుడు ఈ వాడకాన్ని తగ్గించుకొనే సామర్థ్యం దానికి పరిమితం. అందుకే కుక్క కంటే పిల్లికి మాంసకృత్తులు ఎక్కువ కావాలి. తీపి రుచిని గుర్తించే గ్రాహకానికి చెందిన జన్యువు పిల్లులలో పనిచేయదని 2005లో వెల్లడైంది. పిల్లి పిండి పదార్థాలను తీపి కోసం కోరుకోదు. అయితే బాగా ఉడికిన పిండిని చాలావరకు జీర్ణం చేసుకోగలదు.

అమెరికాలో పశువుల మేతకు సంబంధించిన అధికారుల సంఘమైన ఆఫ్కో 1909లో ఏర్పడింది. ఈ సంఘం ప్రమాణాల ప్రకారం శుష్క పదార్థంలో, అనగా తేమ తీసివేసిన తరువాత మిగిలిన దానిలో, ఎదిగిన పిల్లికి కనీసం 26 శాతం, ఎదిగే కూనలకు, చూలు పిల్లులకు, పాలిచ్చే తల్లులకు కనీసం 30 శాతం మాంసకృత్తులు ఉండాలి. కొవ్వు కనీసం 9 శాతం ఉండాలి. పొడి ఆహారంలో టారిన్ కనీసం 0.10 శాతం, డబ్బా ఆహారంలో 0.20 శాతం ఉండాలి. ఐరోపాలో ఫెడియాఫ్ అనే తయారీదారుల సమాఖ్య ఇటువంటి ప్రమాణాలనే ప్రకటిస్తుంది.

గోదావరి డెల్టాలో పిల్లుల తిండి

గోదావరి తూర్పు డెల్టాలోని మండపేట, దాని పరిసర గ్రామాలు రైసు మిల్లులకు, కోళ్ళ పరిశ్రమకు పేరుపొందినవి. కోనసీమ ప్రాంతంలో చేపల, రొయ్యల చెరువులు విస్తారంగా ఉన్నాయి. ధాన్యం నిలువ ఉన్న చోట ఎలుకలు, ఎలుకలు ఉన్నచోట పిల్లులు ఉండడం సహజం. ఇక్కడి ఇళ్ళలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం, చేప తలలు, కూరలో మిగిలిన ముక్కలు పెట్టడం వాడుక.

పాలన్నం పోషక విలువను లెక్కించి చూడవచ్చును. 100 గ్రాముల అన్నంలో సుమారు 2.7 గ్రాములు, 100 గ్రాముల గేదె పాలలో సుమారు 3.8 గ్రాములు మాంసకృత్తులు ఉంటాయి. ఈ రెండూ కలిపిన 200 గ్రాములలో శుష్క పదార్థం దాదాపు 48 గ్రాములు. అంటే శుష్క పదార్థంలో మాంసకృత్తులు 14 శాతం లోపే. ఇది పిల్లికి కావలసిన కనీస పరిమాణంలో సుమారు సగం మాత్రమే. అన్నంలో టారిన్ లేదు, పాలలో ఉన్నది స్వల్పం. పైగా ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని లాక్టోజు సరిగా అరగక విరేచనాలు అవుతాయి.

అయినా పాలన్నం తిన్న పిల్లులు తరతరాలుగా బ్రతుకుతూ వచ్చాయి. దానికి కారణం అవి ఇంటి బయట ఎలుకలను, బల్లులను, పిట్టలను వేటాడి తినడమే. టారిన్, ఆర్జినిన్, విటమిన్ ఎ, అరాకిడోనిక్ ఆమ్లం వేట నుండి అందేవి. తలుపులు మూసిన ఇంటిలోను, అపార్టుమెంటులోను పెరిగే పర్షియన్ వంటి పిల్లికి ఆ అవకాశం లేదు. దానికి గిన్నెలో పెట్టినదే సమస్త పోషణ. పాత అలవాటు ప్రకారం దానికి పాలన్నం మాత్రమే పెడితే లోపం కొన్ని నెలల పాటు పైకి కనబడకుండా ఉండి, తరువాత కంటి జబ్బుగానో గుండె జబ్బుగానో బయటపడవచ్చు. రెటీనాకు జరిగిన నష్టం తిరిగి బాగుపడదు.

స్థానికంగా పెట్టే మరికొన్ని తిండ్లలోను జాగ్రత్త అవసరం:

* పచ్చి చేప: కార్ప్ కుటుంబానికి చెందిన పలు మంచినీటి చేపలలో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఇది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. పచ్చి చేప వ్యర్థాలే తినే పిల్లికి తల వాలిపోవడం, తూలడం, మూర్ఛ వంటి నాడీ లక్షణాలు రావచ్చు. చేపను ఉడికిస్తే ఈ ఎంజైము నశిస్తుంది.
* కూర ముక్కలు: ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి రక్తహీనత కలిగిస్తాయి. మసాలా కూరలోని మాంసం కడిగి పెట్టినా వాటి సారం దానిలో మిగిలే ఉంటుంది.
* కార్జం: కొద్దిగా పెడితే మంచిదే. రోజూ అదే పెడితే విటమిన్ ఎ అధికమై వెన్నెముక, కీళ్ళ ఎముకలు అతుక్కుపోయే జబ్బు వస్తుంది.
* దాణా: గుడ్లు పెట్టే కోళ్ళ దాణాలో మాంసకృత్తులు 16 నుండి 18 శాతం, కాల్షియం 3.5 శాతం పైన ఉంటాయి. ఇది పిల్లికి ఏ విధంగాను తగదు. రొయ్యల మేతలో మాంసకృత్తులు 32 నుండి 38 శాతం వరకు ఉండి, ఆ ఒక్క అంకెలో ఖరీదైన పిల్లి ఆహారంతో సమానంగా కనబడుతుంది. అయితే దానిలోని ఆమైనో ఆమ్లాలు, విటమిన్లు, ఖనిజాల పాళ్ళు రొయ్యకు సరిపడేవి. మాంసకృత్తుల శాతం ఒక్కటే చూసి ఆహారాన్ని నిర్ణయించరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

చరిత్ర, తయారీ విధానం

పెంపుడు జంతువుల తయారీ ఆహారం 1860లలో ఇంగ్లండులో జేమ్స్ స్ప్రాట్ అమ్మిన కుక్క బిస్కట్లతో మొదలైనది. 1950లలో అమెరికాకు చెందిన ప్యూరినా సంస్థ ఎక్స్‌ట్రూషన్ పద్ధతిని ఈ రంగంలో ప్రవేశపెట్టింది. నేటి పొడి ఆహారంలో అధిక భాగం ఈ పద్ధతిలోనే తయారవుతుంది.

ముడి పదార్థాలను మెత్తగా పొడి చేసి, ఆవిరి, నీరు కలిపి ముద్దగా చేస్తారు. ఆ ముద్దను మరతో అధిక పీడనం, వేడి మధ్య నెట్టి చిన్న రంధ్రాల గుండా బయటకు పంపుతారు. బయటకు రాగానే పీడనం తగ్గి ముద్ద పొంగుతుంది. దానిని కత్తులతో పలుకులుగా కోసి, ఆరబెట్టి, పైన కొవ్వు, రుచినిచ్చే పదార్థాలు చల్లుతారు. చేపల చెరువులలో నీటిపై తేలే మేతను తయారు చేసేదీ ఈ విధానంతోనే. ఆంధ్రప్రదేశ్‌లో చేపల మేత తయారు చేసే గ్రోవెల్ సంస్థ కార్నివెల్ పేరుతో పెంపుడు జంతువుల ఆహారంలోకి కూడా విస్తరించింది. రొయ్యల మేతకు పేరొందిన అవంతి ఫీడ్స్ సంస్థ 2020లలో థాయిలాండు సంస్థ భాగస్వామ్యంతో ఈ రంగంలో ప్రవేశించింది. తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో మార్స్ సంస్థకు పెంపుడు జంతువుల ఆహార కర్మాగారం ఉంది.

పలుకులు ఆకారం నిలుపుకోవడానికి కొంత పిండి పదార్థం అవసరం. అందువలన ధాన్యం లేదని చెప్పే పొడి ఆహారంలో కూడా బఠాణీ, శనగ, బంగాళాదుంప, కర్రపెండలం వంటివి ఉంటాయి. ధాన్యం లేనంత మాత్రాన పిండి పదార్థం లేదని భావించరాదు. వేడి వలన కొన్ని విటమిన్లు కొంతవరకు నశిస్తాయి కనుక తయారీదారులు వాటిని, టారిన్‌ను విడిగా కలుపుతారు. జాబితా చివరలో కనబడే పొడవైన రసాయన నామాలు చాలావరకు ఇవే. అవి ఉండడం లోపం కాదు.

ముడి పదార్థాలు

* తాజా మాంసం: కోడి, చేప, బాతు మొదలైనవి. దీనిలో దాదాపు 70 శాతం నీరే.
* మాంసపు పొడి: మాంసాన్ని, ఇతర భాగాలను ఉడికించి, కొవ్వు, నీరు తీసి చేసిన పొడి. తాజా మాంసంతో పోలిస్తే సమాన బరువులో మాంసకృత్తులు అనేక రెట్లు ఎక్కువ. నాణ్యత ముడి సరుకుపైన, వండిన వేడిపైన ఆధారపడుతుంది.
* ఉప ఉత్పత్తులు: కార్జం, గుండె, కందనకాయ, మెడ వంటి భాగాలు. వీటిలో కొన్ని కండ మాంసం కంటే పోషకభరితమైనవి. గుండెలో టారిన్ అధికం. ఏ భాగాలు వాడారో లేబులు చెప్పకపోవడమే ఇక్కడ సమస్య.
* బియ్యం, నూకలు: నూకలంటే మిల్లులో మరపట్టేటప్పుడు విరిగిన బియ్యమే. విదేశీ లేబుళ్ళపై బ్రూవర్స్ రైస్ అని కనబడేది ఇదే. సులభంగా జీర్ణమవుతుంది, శక్తినిస్తుంది, మాంసకృత్తులు తక్కువ.
* తవుడు: నూనె, పీచు, బి విటమిన్లు కలిగినది. అయితే ఆహారంలో తవుడు కలిపినపుడు పిల్లుల రక్తంలో టారిన్ తగ్గుతుందని 2002లో డేవిస్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో తేలింది. తవుడు అధికంగా ఉన్న ఆహారంలో టారిన్ కూడా తగినంత కలిపి ఉండాలి.
* మొక్కజొన్న, గోధుమ, సోయా: మొక్కజొన్న, గోధుమల గ్లూటెన్, సోయా పిండి మాంసకృత్తుల శాతాన్ని పెంచుతాయి. వీటిలో టారిన్ ఉండదు, కొన్ని ఆమైనో ఆమ్లాలు తక్కువ.
* కొవ్వులు: కోడి కొవ్వు, చేప నూనె మొదలైనవి. చేప నూనె ద్వారా ఒమేగా 3 కొవ్వు ఆమ్లాలు లభిస్తాయి.
* పీచు: బీటు దుంప పిప్పి, సెల్యులోజు, ఇసబ్గోలు. నాకినపుడు మింగిన వెంట్రుకలు పేగుల గుండా సాగిపోవడానికి, బరువు అదుపునకు వీటిని వాడతారు.
* నిలువ పదార్థాలు: కొవ్వు చెడిపోకుండా విటమిన్ ఇ రూపాలైన టోకోఫెరాల్స్ గాని, బిహెచ్ఏ, బిహెచ్‌టీ వంటి రసాయనాలు గాని కలుపుతారు. ఎథాక్సీక్విన్ అనే నిలువ రసాయనం అనుమతిని ఐరోపా సమాఖ్య 2017లో నిలిపివేసింది.

లేబులు చదివే విధానం

ముడి పదార్థాల క్రమం

ముడి పదార్థాలను వండక ముందు ఉన్న బరువు ప్రకారం, ఎక్కువ నుండి తక్కువకు వరుసగా రాస్తారు. తాజా కోడిమాంసం మొదట కనబడినా దానిలో అధిక భాగం నీరు గనుక, ఆరిన పలుకులో దాని వాటా తగ్గుతుంది. కోడి మాంసపు పొడి రెండవదిగా ఉన్నా అసలు మాంసకృత్తులలో ఎక్కువ భాగం దాని నుండే రావచ్చు. ఒకే ధాన్యాన్ని మొక్కజొన్న, మొక్కజొన్న పిండి, మొక్కజొన్న గ్లూటెన్ అని విడగొట్టి రాస్తే ఒక్కొక్కటి జాబితాలో కిందికి జారుతుంది. అటువంటి వాటిని మనసులో ఒకటిగా కలిపి చూడాలి.

శుష్క పదార్థం లెక్క

తేమ శాతం వేరువేరుగా ఉన్న ఆహారాలను నేరుగా పోల్చరాదు. ఒక పోషకం శాతాన్ని, 100 నుండి తేమ శాతం తీసివేయగా వచ్చిన సంఖ్యతో భాగించి 100తో హెచ్చిస్తే శుష్క పదార్థంలో దాని శాతం వస్తుంది. ఉదాహరణకు 80 శాతం తేమ, 9 శాతం మాంసకృత్తులు ఉన్న తడి ఆహారంలో శుష్క పదార్థం ప్రకారం మాంసకృత్తులు 45 శాతం. 10 శాతం తేమ, 30 శాతం మాంసకృత్తులు ఉన్న పొడి ఆహారంలో అవి 33.3 శాతం. పైకి చూస్తే తక్కువ అనిపించినదే నిజానికి ఎక్కువ.

పిండి పదార్థం లెక్క

చాలా సంచులపై పిండి పదార్థం శాతం ఉండదు. 100 నుండి మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, బూడిద శాతాలు తీసివేస్తే మిగిలేది సుమారుగా పిండి పదార్థం. బూడిద అంటే ఆహారాన్ని కాల్చితే మిగిలే ఖనిజ లవణాల మొత్తం. అది లేబులుపై లేకపోతే 7 లేదా 8 శాతం అనుకోవచ్చును. సంచిపై ఇచ్చేవి కనీస, గరిష్ఠ పరిమితులు మాత్రమే కనుక ఈ లెక్క ఉజ్జాయింపు మాత్రమే.

శక్తి లెక్క

ఒక గ్రాము మాంసకృత్తుల నుండి 3.5, కొవ్వు నుండి 8.5, పిండి పదార్థం నుండి 3.5 కిలో కేలరీలు వస్తాయని లెక్క కట్టడం ఈ రంగంలో వాడుక. పిల్లి తనకు కావలసిన శక్తి మేరకు తింటుంది కనుక, 1000 కిలో కేలరీలకు ఎన్ని గ్రాముల మాంసకృత్తులు వస్తాయన్నది అన్నిటికంటే సరైన పోలిక. ఆఫ్కో ప్రమాణం ప్రకారం ఎదిగిన పిల్లికి ఇది కనీసం 65 గ్రాములు. పైన చెప్పిన పాలన్నంలో ఇది సుమారు 33 గ్రాములు.

మూడు రకాల పోలిక

అంగళ్ళలో దొరికే పొడి ఆహారాలు స్థూలంగా మూడు తరగతులుగా ఉంటాయి. కింది పట్టికలోని అంకెలు లెక్క చూపడానికి ఎంచుకొన్న నమూనాలు. అవి ఏ ఒక్క సంస్థ ఉత్పత్తికీ చెందినవి కావు.

| అంశం | ధాన్యం ప్రధానమైనది | మధ్యరకం | మాంసం ప్రధానమైనది |
|---|---|---|---|
| మాంసకృత్తులు (శాతం) | 30 | 32 | 40 |
| కొవ్వు (శాతం) | 10 | 15 | 20 |
| పీచు (శాతం) | 4 | 5 | 3 |
| తేమ (శాతం) | 10 | 8 | 10 |
| బూడిద (శాతం) | 8 | 7 | 8 |
| పిండి పదార్థం, లెక్క ప్రకారం (శాతం) | 38 | 33 | 19 |
| శుష్క పదార్థంలో మాంసకృత్తులు (శాతం) | 33.3 | 34.8 | 44.4 |
| 100 గ్రాములకు శక్తి (కిలో కేలరీలు) | 323 | 355 | 376 |
| 1000 కిలో కేలరీలకు మాంసకృత్తులు (గ్రాములు) | 93 | 90 | 106 |

ఈ పట్టిక నుండి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, మూడు రకాలూ కనీస ప్రమాణాన్ని దాటుతున్నాయి. రెండవది, లేబులుపై 30, 32 అని కనబడే మొదటి రెండు రకాలలో, శక్తి ప్రకారం చూస్తే తక్కువ అంకె ఉన్నదానిలోనే మాంసకృత్తులు కాస్త ఎక్కువ. కారణం మధ్యరకంలో కొవ్వు అధికంగా ఉండడం వలన పిల్లి దానిని తక్కువ బరువు తింటుంది. ముడి సరుకు ఏమిటన్నది, అది ఎంత జీర్ణమవుతుందన్నది ఈ అంకెలలో కనబడదు. అందుకే జాబితాను, అంకెలను కలిపి చదవాలి.

నిజమైన ఉత్పత్తులలో, రాయల్ కానిన్ సంస్థ కొన్ని రకాల పేరులోనే మాంసకృత్తుల శాతాన్ని చేర్చింది. ఇండోర్ 27, ఫిట్ 32 అనేవి ఆ కోవకు చెందినవి. ఈ సంస్థ ఆహారాలలో కోళ్ళ మాంసపు పొడితో పాటు బియ్యం, మొక్కజొన్న, గోధుమ, మొక్కల మాంసకృత్తులు ఉంటాయి. కెనడాకు చెందిన ఒరిజెన్ పిల్లుల ఆహారం లేబులు కనీసం 40 శాతం మాంసకృత్తులు, 20 శాతం కొవ్వు సూచిస్తుంది. దాని జాబితాలో మొదటి స్థానాలు కోడి, టర్కీ, చేపలవి. పిండి పదార్థం పప్పుధాన్యాల నుండి వస్తుంది. తయారీ విధానాలు దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి కనుక కొన్న సంచిపై ఉన్నదే ప్రామాణికం.

ప్రీమియం అనే మాట

ప్రీమియం, సహజమైన, పశువైద్యులు మెచ్చిన వంటి మాటలు వ్యాపార ప్రచారానికి చెందినవి. భారతదేశంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఆహారం అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలో పశువుల మేత చేరదు. కుక్కలు, పిల్లుల ఆహారానికి భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 11968 అనే ప్రమాణం ఉంది.

వేరువేరు తరగతులుగా అమ్మే ఆహారాలు ఒకే యజమానికి చెంది ఉండడం కూడా గమనించదగినది. మార్స్ సంస్థ చేతిలో విస్కస్, రాయల్ కానిన్‌తో పాటు 2023 నుండి ఒరిజెన్, అకానాలను తయారు చేసే ఛాంపియన్ పెట్‌ఫుడ్స్ కూడా ఉంది. ప్యూరినాను 2001లో నెస్లే కొనుగోలు చేసింది. హిల్స్ 1976 నుండి కోల్గేట్ పామోలివ్‌కు చెందినది.

ప్రచారపు మాటల కంటే విలువైనది సంచిపై చిన్న అక్షరాలలో ఉండే పోషక ప్రమాణ ప్రకటన. ఆహారం సంపూర్ణమైనది, సమతులమైనది అని, ఏ వయసు పిల్లికి అని, ఏ ప్రమాణం ప్రకారం అని ఇది తెలుపుతుంది. కొన్ని ఆహారాలు లెక్కల ద్వారా ప్రమాణాన్ని చేరుకుంటాయి. మరికొన్నిటిని పిల్లులకు పెట్టి పరీక్షిస్తారు. ఆఫ్కో పద్ధతిలో ఎదిగిన పిల్లుల పరీక్షకు 8 పిల్లులతో మొదలుపెట్టి 26 వారాలు నడుపుతారు. అప్పుడప్పుడు మాత్రమే లేదా అదనంగా పెట్టదగినది అని రాసి ఉన్న ఆహారం ఎంత ఖరీదైనదైనా నిత్యాహారంగా పనికిరాదు.

వివాదాలు, ఆరోగ్య సమస్యలు

* మెలమిన్ కల్తీ: లేబులుపై ఉండే ముడి మాంసకృత్తుల శాతాన్ని ఆహారంలోని నత్రజనిని కొలిచి, 6.25తో హెచ్చించి లెక్కకడతారు. ఈ పద్ధతిలోని లొసుగును వాడుకొని, చైనా నుండి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో నత్రజని అధికంగా ఉండే మెలమిన్‌ను కలిపారు. 2007 మార్చిలో మెనూ ఫుడ్స్ సంస్థ కోట్లాది డబ్బాలు, పొట్లాల ఆహారాన్ని వెనక్కు తీసుకొంది. అమెరికా, కెనడాలలో అనేక పిల్లులు, కుక్కలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయాయి. ఆ ఒకే తయారీదారు వద్ద నుండి చౌక, ఖరీదైన అనేక బ్రాండ్లు వెలువడేవి.
* ధాన్యరహిత ఆహారం: పప్పుధాన్యాలు అధికంగా ఉన్న ధాన్యరహిత ఆహారానికి, గుండె కండరం జబ్బుకు సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో విచారణ ప్రారంభించింది. ఫిర్యాదులలో అత్యధికం కుక్కలకు చెందినవి. కారణ సంబంధం నిర్ధారణ కాలేదు.
* మూత్రనాళ సమస్యలు: పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతపు జీవులు. దాహం తక్కువ, మూత్రం చిక్కన. పొడి ఆహారం మాత్రమే తినే పిల్లి శరీరానికి చేరే మొత్తం నీరు తడి ఆహారం తినేదాని కంటే తక్కువగా ఉంటుంది. మెగ్నీషియం అధికమై, మూత్రం క్షారగుణం పొందితే స్ట్రూవైట్ అనే స్ఫటికాలు ఏర్పడతాయి. మగ పిల్లులలో మూత్రమార్గం సన్నన కనుక అది మూసుకుపోయే ప్రమాదం ఉంది. మగ పిల్లి పదేపదే కూర్చొని ముక్కుతూ మూత్రం రాకుండా ఉంటే, దానిని మలబద్ధకంగా పొరబడక వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. ఒకటి రెండు రోజుల ఆలస్యం ప్రాణాంతకం.
* స్థూలకాయం: పొడి ఆహారం ఎల్లవేళలా గిన్నెలో ఉంచితే, ముఖ్యంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిన పిల్లి బరువు పెరుగుతుంది. స్థూలకాయం మధుమేహానికి దారితీస్తుంది.

మోతాదు, ధర, నిలువ

ఇంటిలోనే ఉండి, శస్త్రచికిత్స జరిగిన 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 190 కిలో కేలరీలు చాలును. పై పట్టిక ప్రకారం ధాన్యం ప్రధానమైన ఆహారం 59 గ్రాములు, మధ్యరకం 54 గ్రాములు, మాంసం ప్రధానమైనది 50 గ్రాములు కావాలి. కనుక ధరను కిలో లెక్కన కాక రోజు లెక్కన పోల్చాలి. కిలో ధరను 1000తో భాగించి, రోజు మోతాదు గ్రాములతో హెచ్చిస్తే ఆ లెక్క వస్తుంది. ఖరీదైన ఆహారం మోతాదు కొంత తగ్గినా, రెండు మూడు రెట్ల ధర తేడాను ఆ తగ్గుదల పూడ్చలేదని దీనివలన తెలుస్తుంది. స్తోమత పరిమితమైన ఇంటిలో ప్రమాణ ప్రకటన ఉన్న మధ్యరకం ఆహారం, దానికి తోడు ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించిన కొద్దిపాటి చేప లేక కోడిమాంసం, పుష్కలంగా నీరు పిల్లికి సరిపోతాయి. ఇలా చేర్చేది రోజు మొత్తం శక్తిలో పదోవంతు మించకుండా చూడాలి. ఆహారంతో పాటు రుచి కొరకు అన్నం, పాలు కలిపితే ఆ మేరకు పోషకాల పాళ్ళు పలచబడతాయి.

గోదావరి డెల్టా వంటి తేమ వాతావరణంలో తెరిచిన ఆహారం త్వరగా మెత్తబడి, కొవ్వు ముక్కిపోయి, బూజు పడుతుంది. మొక్కజొన్న వంటి వాటిపై పెరిగే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని ఉత్పత్తి చేస్తాయి. ఆహారాన్ని అసలు సంచిలోనే ఉంచి, గాలి చొరకుండా మూతి కట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచడం మంచిది. సంచి దాచితే గడువు తేదీ, తయారీ సంఖ్య కూడా అందుబాటులో ఉంటాయి. విడిగా తూచి కొన్న ఆహారానికి ఈ సమాచారం ఏదీ ఉండదు. నెల, నెలన్నరలో అయిపోయే పరిమాణమే కొనడం ఉత్తమం.

పాత ఆహారం నుండి కొత్తదానికి 7 నుండి 10 రోజులలో, కొద్దికొద్దిగా పాళ్ళు మారుస్తూ అలవాటు చేయాలి. ఇష్టం లేని ఆహారం పెట్టి, ఆకలేస్తే అదే తింటుందని వదిలివేయడం పిల్లుల విషయంలో ప్రమాదకరం. లావుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తిండి మానితే కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది. మూత్రపిండాల జబ్బు, మధుమేహం, మూత్రంలో రాళ్ళు ఉన్న పిల్లులకు ఆహారం ఎంపిక పశువైద్యుని సలహా మేరకే జరగాలి.